వన్నె వేసిన మరునాడు

ఉగాదికి ముందటి సాయంకాలము. మనుమరాలు బ్యూటీ పార్లరు నుండి ఇంటికి వచ్చినది. ఉదయము వెళ్ళునప్పుడు తల అంతయు నలుపే. ఇప్పుడు ఆ నలుపు నడుమ సన్నని పాయలు కొన్ని లేత తేనె రంగు తిరిగి దీపపు వెలుగుకు మెరయుచున్నవి. అమ్మమ్మ ఆ వన్నెను చూచి ముచ్చటపడినదో, మనసులో నొచ్చుకొన్నదో తెలియదు. ఆమె అన్న మాట వేరు.

"తెల్లవారుజామునే లేవాలి సుమా! తలంటికి నూనె తీసి ఉంచాను, కుంకుడుకాయలు కొట్టి పెట్టాను."

"అయ్యో అమ్మమ్మా! మూడు రోజులదాకా తల తడపవద్దని మరీ మరీ చెప్పారు."

"సంవత్సరాదినాడు తలంటు వద్దన్న ఆ మహాతల్లి ఎవరే?"

ఇటువంటి సంవాదము ఈనాడు తెలుగునాట అనేక గృహములలో వినవచ్చును. ఇందులో ఎవరి పక్షము న్యాయమైనది? తీర్పు చెప్పుటకు ముందు మనము కొంచెము దూరము ప్రయాణము చేయవలసి ఉన్నది. వెంట్రుకలకు రంగు వేసిన వారి కథలు లోకములో చాలా ఉన్నవి. వేసిన రంగును, దానిని మోయు వెంట్రుకను కాపాడుకొనుట ఎట్లో మానవుడు నేర్చుకొన్న కథ అంతగా ప్రచారములో లేదు. ఆ రెండవ కథయే నేటి మన విషయము.

ముందుగా పార్లరులో జరిగిన పని ఏమిటో చూతము. తలలోని కొన్ని పాయలను ఏరి, వాటిలోని సహజమైన నలుపును ఒక ద్రవ్యముతో తీసివేయుదురు. ఇట్లు వెలుగు తెచ్చిన పాయలనే హైలైట్లు అందురు. తొలిరోజులలో చిల్లులున్న రబ్బరు టోపీని తలకు తొడిగి, అల్లిక సూది వంటి కొక్కెముతో పాయలను చిల్లులగుండా పైకి లాగి మందు పూసెడివారు. ఇప్పుడు పలుచని అల్యూమినియము రేకులలో పాయలను చుట్టుట వాడుక. నలుపు పోయిన పాయ తెల్లబడదు. మొదట ఎర్రబడి, పిదప నారింజ రంగు తిరిగి, చివరకు పసుపు పచ్చగా నిలుచును. మన నల్లని కేశములలో ఈ ఎరుపు పసుపులు మరింత మొండివి. ఆ పచ్చదనమును అణచుటకు పైన వేయు పలుచని రంగునే టోనర్ అందురు. పాయ నుండి నలుపు తీసివేత శాశ్వతము. టోనర్ మాత్రము కొన్ని వారముల అతిథి. మనుమరాలికి పార్లరువారు చెప్పిన జాగ్రత్తలన్నియు ఈ అతిథిని త్వరగా సాగనంపకుండుటకును, అతిథి వచ్చిన ఇల్లు కూలిపోకుండుటకును ఉద్దేశింపబడినవి.

ఇల్లు కూలుట అన్న మాట అతిశయోక్తి కాదు. చర్మము పైన కనిపించు వెంట్రుకకు ప్రాణము లేదు. వేలు తెగినచో మానును. వెంట్రుక చెడినచో మానదు. కుదురులో మాత్రమే అది సజీవము. అక్కడినుండి నెలకు ఒక సెంటీమీటరుకు కొంచెము ఎక్కువగా పైకి వచ్చుచుండును. ఈ లెక్కన నడుము వరకు జారిన జడ కొన ఐదారేండ్ల క్రిందట పుట్టినది. ఆ ఐదారేండ్ల ఎండలు, దువ్వెనలు, తలంటులు అన్నియు దాని మీద గడచినవే. పోయినదానిని తిరిగి పొందవలెనన్నచో అన్ని ఏండ్లు వేచి ఉండవలెను. ఈ సంగతిని లోకము చాలా నష్టపడి నేర్చుకొన్నది.

రోము నగరమునకు వెళ్ళుదము. క్రీస్తుకు పూర్వము 43లో జన్మించిన ఓవిడ్ అను లాటిను కవి తన ప్రణయ గీతములలో ఒకదానిని పూర్తిగా ఈ విషయమునకే వినియోగించినాడు. అతని ప్రియురాలు వెంట్రుకలకు రంగులు వేసి వేసి, వేడి కడ్డీలతో చుట్టి చుట్టి, చివరకు జుట్టంతయు పోగొట్టుకొన్నది. ఎన్ని మారులు చెప్పినను వినలేదు, ఇప్పుడు రంగు వేయుటకు జుట్టే లేదు అని కవి మందలించినాడు. ఆమెకు మిగిలిన ఉపాయము జెర్మను బందీల తలలనుండి తెచ్చిన పరాయి జుట్టు. పాపము, ఆమె అద్దము ముందు కూర్చుండి కన్నీరు పెట్టుకొన్నది. కవి కడకు ఊరడింపు మాట ఒకటి చెప్పినాడు: నీ జుట్టు మరల పెరుగును. రెండువేల సంవత్సరములు గడచినవి. ఆ మాటకు మించిన మందు నేటికిని ఎవరును కనిపెట్టలేదు.

ఆ రోము నాటి మరియొక సాక్షి ప్లినీ. క్రీస్తుశకము 79లో వెసూవియస్ అగ్నిపర్వతము ప్రేలినప్పుడు మరణించిన పండితుడితడు. గాలు దేశీయులు జంతువుల క్రొవ్వును, బూడిదను కలిపి ఒక పదార్థము చేయుదురనియు, దానితో జుట్టునకు ఎర్రని వన్నె తెచ్చుకొందురనియు తన గ్రంథములో వ్రాసినాడు. దాని పేరు సాపో. నేటి సబ్బు అను మాటకు బంధువైన మాట ఇది. మనము మురికి వదల్చుటకు వాడు సబ్బు ప్లినీ గ్రంథములో కేశములకు వన్నె తెచ్చు సాధనముగా కనిపించుచున్నది! ఇది వింతగా తోచును గాని కారణము ఉన్నది. బూడిదలో క్షారము కలదు. క్షారము తగిలినప్పుడు వెంట్రుక ఉబ్బును. దానిపైని పొలుసులు విచ్చుకొనును. విచ్చుకొన్న తలుపులోనుండి క్రొత్త రంగు లోనికి పోవచ్చును, పాత రంగు బయటికి రావచ్చును. తలుపు దేనినీ ఎంచదు. రంగు లోపలికి పోవుటకు సహాయపడిన క్షారమే, మరునాడు సబ్బు రూపమున వచ్చి ఆ రంగును బయటికి తీసికొనిపోవును.

ఇక వెనిస్ నగరము. పదునారవ శతాబ్దములో అక్కడి స్త్రీలకు బంగారు వన్నె కేశములపై మక్కువ మెండు. 1562లో జొవాన్ని మారినెల్లో అను వైద్యుడు స్త్రీల అలంకరణలను గురించి ప్రకటించిన గ్రంథములో అందుకు తగిన యోగములు వ్రాసినాడు. 1590లో చెజారె వెచెల్లియో అను చిత్రకారుడు వివిధ దేశముల వేషములను చిత్రించి అచ్చొత్తించిన పుస్తకములో ఆ పని జరుగు తీరును కన్నులకు కట్టినట్లు చూపినాడు. ఇంటి కప్పుపై కొయ్యతో కట్టిన మేడవంటి వేదికమీద స్త్రీ మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చుండును. తలకు గడ్డితో అల్లిన వెడల్పైన టోపీ. దానికి అంచు ఉన్నది గాని నడినెత్తిన కప్పు లేదు. ఆ ఖాళీలోనుండి జుట్టును పైకి తీసి అంచు మీద పరచుకొనును. పుల్ల చివర కట్టిన స్పంజితో మందునీటిని అద్దుచు, ఎండబెట్టుచు, మరల అద్దుచు గంటల కొలది గడపును. ముఖము నీడలో ఉండవలెను, జుట్టు ఎండలో ఉండవలెను. అది ఆ టోపీలోని యుక్తి.

ఈ చిత్రమునుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఎండ వెంట్రుకలోని రంగును తినివేయును. వెనిస్ స్త్రీలకు కావలసినది అదే కనుక వారు ఎండను పనివానిగా పెట్టుకొన్నారు. టోనర్ వేయించుకొన్న వారికి కావలసినది దానికి తలక్రిందులు. వారి టోపీకి నడినెత్తిన కప్పు ఉండవలెను. మన ఎండలలో గొడుగో, నెత్తిన కప్పుకొన్న పైట చెంగో ఆ పని చేయును. పొలమునకు పోవు మన స్త్రీలు తలకు గుడ్డ చుట్టుకొనుటలో ఉన్న తెలివి ఇక్కడ కూడ పనికి వచ్చును.

ఇంతవరకు అనుభవము మాత్రమే మాటలాడినది. శాస్త్రము మాటలాడుటకు పదునెనిమిదవ శతాబ్దము రావలసి వచ్చినది. జెనీవా నగరమునకు చెందిన సొస్యూర్ అను శాస్త్రజ్ఞుడు 1783లో గాలిలోని తేమను కొలుచుటకు ఒక యంత్రమును గురించి ప్రకటించినాడు. అందులో ముఖ్య భాగము ఏమనుకొన్నారు? మనిషి తల వెంట్రుక! తేమ ఎక్కువైనప్పుడు వెంట్రుక సాగును, ఆరినప్పుడు కుదించుకొనును. పూర్తిగా ఆరిన వెంట్రుక తేమతో నిండినప్పుడు నూటికి సుమారు రెండున్నర పాళ్ళు పొడుగగును. రేడియోలో వాతావరణ విశేషములు చెప్పునప్పుడు గాలిలో తేమ ఇంత శాతమని మీరు వినుచుందురు. చాలా కాలము వరకు ఎన్నో వాతావరణ కేంద్రములలో ఆ అంకెను చెప్పినది ఒక వెంట్రుకయే.

ఈ యంత్రపు తయారీలో ఒక మెలకువ ఉన్నది. వెంట్రుక నూనెతో ఉన్నచో తేమను చురుకుగా గ్రహింపదు. అందుచేత సొస్యూర్ దానిని క్షారజలములో ఉడికించి జిడ్డు తీసివేసినాడు. జిడ్డు పోయిన వెంట్రుక నీటిని తేలికగా త్రాగును. పార్లరులో నలుపు తీసిన పాయకు జరిగినది కూడ ఇటువంటిదే. వెంట్రుక పొలుసులపై పుట్టుకతో వచ్చిన అతి పలుచని క్రొవ్వు పొర ఒకటి ఉండును. అది నీటిని దరి చేరనీయదు. నలుపు తీయు మందు ఆ పొరను కూడ తీసివేయును. ఆ తరువాత తామరాకు వలె ఉండవలసిన పాయ నూలు గుడ్డ వలె అగును. తలపై పోసిన ప్రతి చెంబెడు నీటిని అది పీల్చుకొనును, ఉబ్బును, ఆరునప్పుడు కుదియును. ఒక్కొక్క మారు అట్లు ఉబ్బి కుదిసినప్పుడెల్ల కొంత రంగు జారిపోవును, కొంత బలము తగ్గిపోవును. వన్నె వేసిన జుట్టునకు నీటి విషయమున మితము అవసరమగుటకు కారణమిది.

ఇప్పుడు పారిస్ నగరమునకు వత్తము. అక్కడ ఒక గురువు, ఇద్దరు శిష్యులు మన కథలో ప్రవేశింతురు. గురువు వోక్లాన్. 1806లో ఇతడు మానవుని వెంట్రుకలను రసాయన పరీక్ష చేసి, వాటిలోని పదార్థములను వివరించుచు ఒక వ్యాసము ప్రకటించినాడు. మొదటి శిష్యుడు తెనార్. బీద కుటుంబమునుండి వచ్చి గురువు ప్రయోగశాలలో సేవచేయుచు విద్య నేర్చినవాడు. 1818లో ఇతడు హైడ్రోజన్ పెరాక్సైడును కనిపెట్టినాడు. చూచుటకు నీటివలె ఉండును. నీటిలోకంటె ఆక్సిజను ఎక్కువ. ఆ ఎక్కువ ఆక్సిజనే రంగులను విరిచివేయును. 1867లో పారిస్ ప్రదర్శనలో దీనిని కేశములకు వన్నె తెచ్చు మందుగా చూపినారు. నేటికిని పార్లరు గిన్నెలో కలుపు మందులో ముఖ్యమైన వస్తువు ఇదియే. వెనిస్ స్త్రీ ఎండలో గంటల కొలది కూర్చుండి సాధించినదానిని ఇది కొలది నిమిషములలో సాధించును. పని త్వరగా జరిగినట్లే నష్టము కూడ త్వరగా జరుగును.

రెండవ శిష్యుడు షెవ్రల్. 1786లో జన్మించి 1889 వరకు, నూట రెండేండ్లు జీవించిన దీర్ఘాయుష్మంతుడు. 1823లో క్రొవ్వులను, సబ్బులను గురించి ప్రసిద్ధమైన గ్రంథము వ్రాసినాడు. సబ్బు ఎట్లు తయారగుచున్నదో సక్రమముగా వివరించిన ఘనత ఇతనిది. మరుసటి ఏడు గోబెలాన్ నేత కార్ఖానాలో రంగుల శాఖకు అధిపతి అయినాడు. అక్కడ ఒక ఫిర్యాదు వచ్చినది. కొన్ని వస్త్రములలో నల్లని నూలు వెలవెలబోవుచున్నదనియు, నలుపు రంగు మంచిది కాదనియు చెప్పినారు. షెవ్రల్ పరీక్షించి చూడగా రంగులో లోపము లేదు. దాని ప్రక్కనున్న నీలము, ఊదా రంగుల ప్రభావముచే నలుపు పలుచగా కనిపించుచున్నది. ఈ ఆలోచనను సంవత్సరముల తరబడి సాగదీసి 1839లో రంగుల సామరస్యమును గురించి మహాగ్రంథమును వెలువరించినాడు. రంగులను వలయముగా అమర్చినచో ఎదురెదురుగా నిలుచు జంటలు ఏర్పడును: పసుపునకు ఎదురు ఊదా, నారింజకు ఎదురు నీలము. ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు ఈ జంటలు ఒకదానినొకటి ఉజ్జ్వలము చేయును. కలసినప్పుడు ఒకదానినొకటి అణచివేయును.

టోనర్ రహస్యమంతయు ఈ వాక్యములో ఉన్నది. పసుపు తిరిగిన పాయకు ఊదా ఛాయ, నారింజ తిరిగిన పాయకు నీలి ఛాయ. ఇది మన గృహిణులకు తెలియని విద్య కాదు. తెల్ల పంచె ఉతికి ఉతికి పచ్చబారినప్పుడు నీలిమందు కలిపిన నీటిలో ముంచి తీయుదుము. పంచె తెల్లబడినట్లు కనిపించును. అక్కడ మలినము పోలేదు. పసుపును నీలము అణచినది. నీలిమందు ఎక్కువైనచో పంచె నీలముగా తేలును. నేడు సీసాలలో అమ్ము ఊదారంగు షాంపూ కూడ ఇంతే. వారమునకు ఒకసారి వాడినచో పచ్చదనము అణగును. ప్రతి స్నానమునకు వాడినచో పాయలు బూడిద రంగో, ఊదా రంగో తిరుగును. షెవ్రల్ ఒక చేతితో సబ్బు శాస్త్రమును, మరియొక చేతితో రంగుల శాస్త్రమును మనకు అందించినాడు. మనుమరాలి తలపై ఈ రెండును కలసి కాపురము చేయవలసి వచ్చినది. మొదటిది రెండవదానిని కడిగివేయును!

ఇరువదవ శతాబ్దములో ఈ విద్య పెద్ద పరిశ్రమ అయినది. యూజెన్ ష్యూలర్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో ఒక కేశరంగును తయారుచేసి 1909లో సంస్థ స్థాపించినాడు. దానికి అతడు పెట్టిన పేరునకు అర్థము 'హాని చేయని కేశరంగుల ఫ్రెంచి సంఘము' అని. అదియే తరువాత లోరియాల్ అయినది. హాని చేయదని పేరులోనే చెప్పుకొనవలసి వచ్చినదన్నచో ప్రజల మనస్సులో ఎంత భయము ఉండెనో ఊహింపవచ్చును. ఆ భయము నిరాధారము కాదు. 1931లో 'ప్లాటినమ్ బ్లాండ్' అను అమెరికను చలనచిత్రము వచ్చినది. అందులో నటించిన జీన్ హార్లో వెండివంటి జుట్టును చూచి ఎందరో యువతులు తమ కేశములను అట్లే తెల్లబరచుకొన్నారు. వెంట్రుక ఓర్చుకొనగల హద్దు ఎక్కడ ఉన్నదో ఎందరో తమ తలలమీదనే తెలిసికొన్నారు. ఓవిడ్ ప్రియురాలి కథ వెండితెర యుగములో మరల జరిగినది.

షాంపూ అను మాటకు మూలము మన దేశమే. నొక్కుట, మర్దించుట అను అర్థము గల హిందీ మాటనుండి అది ఇంగ్లీషులోనికి పోయినది. పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల తెరచి ఒడలు మర్దించు ఆ విద్యను ప్రసిద్ధము చేసినాడు. మర్దనమునకు చెల్లిన మాట కాలక్రమమున తల కడుగు ద్రవ్యమునకు పేరైనది. 1934లో అమెరికాలో డ్రీన్ అను షాంపూ వచ్చినది. అది సబ్బు కాదు. కృత్రిమముగా తయారైన క్షాళన ద్రవ్యము. సబ్బు వలె ఉప్పునీటిలో విరిగి తెల్లని తెట్టు కట్టదు, అది మేలు. జిడ్డును మాత్రము సబ్బు కంటె గట్టిగా ఊడ్చివేయును. వన్నె వేసిన జుట్టునకు అది కీడు. సల్ఫేటులు లేని షాంపూ వాడుడని నేడు పార్లరువారు చెప్పు మాటకు వేరు ఇక్కడ ఉన్నది. అమెరికాలో 1956 నుండి ఇంటివద్దనే రంగు వేసికొనుడని ప్రకటనలు హోరెత్తినవి. అప్పటినుండి కేశ సంరక్షణ భారము క్రమముగా పనివారి చేతినుండి గృహస్థుల చేతికి వచ్చినది. అందుచేతనే ఈ సంగతులు ప్రతి ఇంటివారు తెలిసికొనదగినవి.

కడపటి మజిలీ మన దేశములోనే. 2003లో ముంబయికి చెందిన పరిశోధకులు ఇద్దరు కొబ్బరి నూనెను, ప్రొద్దుతిరుగుడు నూనెను, ఖనిజ తైలమును వెంట్రుకలపై ప్రయోగించి ఫలితములను ఒక శాస్త్ర పత్రికలో ప్రకటించినారు. తల కడుగుటకు ముందు గాని తరువాత గాని పట్టించినప్పుడు, వెంట్రుకలోని మాంసకృత్తులు నీటితో కొట్టుకొనిపోకుండ తగ్గించినది కొబ్బరి నూనె ఒక్కటే. మామూలు వెంట్రుకలలోనే కాదు, మందు తగిలి చెడిన వెంట్రుకలలో కూడ అది ఈ మేలు చేసినది. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లము సన్ననిది, తిన్ననిది. కనుక వెంట్రుక లోపలికి చొచ్చుకొనిపోగలదు. లోపల నూనె ఉన్నచో నీటికి చోటు తగ్గును. తలంటుకు ముందు నూనె పట్టించు మన పెద్దల ఆచారమునకు ప్రయోగశాల ఇచ్చిన సాక్ష్యము ఇది.

ఈ ప్రయాణములో ప్రోగుచేసికొన్న సంగతులను ఇంటి పనికి అన్వయించుకొందము.

మందు పని చేసిన జుట్టు వెంటనే సర్దుకొనదు. మొదటి రెండు మూడు దినములు తల తడపకుండుట మేలని వృత్తిలోని వారు అనుభవముతో చెప్పు మాటను మన్నింపవలెను. తరువాత కూడ వారమునకు రెండు మారులు తల కడిగినచో చాలును. నీరు గోరువెచ్చగా ఉండవలెను; మరుగు నీరు పనికిరాదు. ఒంటికి రుద్దుకొను సబ్బు తలకు తాకరాదు. గొట్టపు బావుల నీరు ఉప్పగా ఉన్న ఊళ్ళలో చివరి చెంబు మంచినీళ్ళో, వాననీళ్ళో అయినచో మంచిది. ఈత కొలనులో దిగువారు ముందుగా మంచినీటితో తల తడుపుకొని టోపీ పెట్టుకొనవలెను. అక్కడి నీటిలో రాగి అంశము ఉన్నచో నలుపు తీసిన పాయలు దానిని పీల్చుకొని ఆకుపచ్చగా మారును. తడి జుట్టుపై వేడి కడ్డీలు పెట్టరాదు. లోపలి నీరు ఆవిరియై వెంట్రుకను పగులగొట్టును. తడి జుట్టును తువ్వాలుతో రుద్దక అద్ది ఆర్చవలెను. వెడల్పు పళ్ళ దువ్వెనతో కొననుండి చిక్కు తీయవలెను.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని కలవు. నలుగుపిండిలోని పసుపు తేనె రంగు పాయలకు తగిలినచో మరక నిలుచును. టోనర్ అణచిన పచ్చదనమును మనమే పిలిచినట్లగును. గోరింటాకు సంగతి చెప్పనక్కరలేదు. కుంకుడు రసము సబ్బు వంటి క్షారము కాదు గాని జిడ్డును గట్టిగా లాగివేయును. అందుచేత వన్నె వేసిన పాయలకు దానిని కొన్నాళ్ళు దూరముగా ఉంచుట మంచిది. ఇంకొక సంగతి. లోహ లవణములు కలిసిన గోరింట పొడులు, కేశరంగులు కొన్ని బజారులో దొరకును. అవి వాడిన జుట్టుపై పెరాక్సైడు పడినచో వేడి పుట్టి జుట్టు నశింపవచ్చును. కనుక లోగడ ఏమేమి వాడినారో పార్లరులో దాచక చెప్పవలెను. రంగు వేయించుకొనుటకు రెండు దినములు ముందు చెవి వెనుకనో, మోచేతి మడతలోనో కొంచెము పూసి దద్దురు రాదని చూచుకొనుట ఎన్నడును మానరాదు.

ఇప్పుడు మన సంవాదమునకు తిరిగి వత్తము. మూడు రోజులు తల తడపరాదన్న మనుమరాలి మాట నిజము. నూనె లేనిదే జుట్టు నిలువదన్న అమ్మమ్మ నమ్మకమును నిజము. ఇద్దరి నడుమ ఉన్న తగవు తిథి గురించియే గాని తత్త్వము గురించి కాదు. ఉగాదినాడు అమ్మమ్మ ఆశీర్వదించి నడినెత్తిన మూడు బొట్లు నూనె పెట్టవచ్చును. ఒంటికి నలుగు పెట్టి, తలకు గుడ్డ చుట్టి, మనుమరాలికి మంగళస్నానము చేయింపవచ్చును. నాలుగవ నాడు ఆ తీసి ఉంచిన కొబ్బరి నూనెను పాయ పాయకు పట్టించి, ఒక గంట ఆగి, మృదువైన షాంపూతో గోరువెచ్చని నీట తలంటవచ్చును. కొట్టిన కుంకుడుకాయలు ఎండబెట్టి దాచినచో చెడిపోవు.

ఓవిడ్ ప్రియురాలికి నూనె అంటు అమ్మమ్మ లేదు. మూడు రోజులు ఆగుమని చెప్పు పనివారును లేరు. మన ఇళ్ళలో ఈ ఇరువురును ఉన్నారు. ఇరువురి మాటయు వినినచో వన్నె ఆ నాలుగు వారములు నిలుచును. జడ ఏండ్ల తరబడి నిలుచును.